కూలుమ్ తీగ, కావెండిష్ గోళం

36, 144, 575.5.

చార్ల్స్ ఆగస్టిన్ కూలుమ్ 1785లో పారిస్ సైన్స్ అకాడెమీ ముందు పెట్టిన పత్రంలో అసలు కొలతలు ఈ మూడే. వీటికి జతగా ఇంకో మూడు అంకెలున్నాయి: 36, 18, 8.5. ఇవి విద్యుదావేశం ఎక్కించిన రెండు చిన్న బంతుల మధ్య ఎడం. ఆ ఎడంలో బంతులను నిలిపి ఉంచడానికి ఒక సన్నని వెండి తీగ ఎంత మెలిక తిరగాల్సి వచ్చిందో మొదటి వరస చెబుతుంది. రెండూ డిగ్రీల్లోనే. ఎడం సగమైతే మెలి నాలుగింతలైంది. ఇంచుమించు మళ్లీ సగమైతే, మొదటిదానికి పదహారింతలైంది.

రెండు ఆవేశాల మధ్య బలం వాటి లబ్ధానికి అనులోమానుపాతంలోనూ, వాటి మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలోనూ ఉంటుందని ఇంటర్మీడియట్ చదివినవాళ్లందరికీ తెలుసు. ఈ వాక్యం మీద లెక్కలు చేస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. కానీ అందులో ‘వర్గం’ దగ్గర ఆగి, అది కచ్చితంగా 2 అని ఎలా తెలిసింది, 1.98 ఎందుకు కాకూడదు అని అడిగే తీరిక తరగతి గదిలో దొరకదు. ఆ ఒక్క అంకె కోసం రెండు వందల ఏళ్లకు పైగా మనుషులు గోళాలు కట్టారు, తీగలు మెలిపెట్టారు, గ్రహాల దాకా పరికరాలు పంపారు. స్థిర విద్యుత్తు అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ అదే.

కూలుమ్ వృత్తిరీత్యా సైనిక ఇంజనీరు. 1736లో ఫ్రాన్స్‌లోని ఆంగులెమ్‌లో పుట్టాడు. 1764 నుంచి 1772 దాకా కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో ఫోర్ట్ బూర్బోన్ అనే కోట కట్టించాడు. అక్కడి జబ్బులతో ఆరోగ్యం పాడైంది. కానీ గోడను వెనకనున్న మట్టి ఎంత బలంగా తోస్తుంది, కమాను ఎక్కడ విరుగుతుంది లాంటి ప్రశ్నలు అక్కడి పనిలోనే ఆయనకు ఎదురయ్యాయి. 1773లో వాటి మీద రాసిన పత్రాన్ని సివిల్ ఇంజనీర్లు ఇప్పటికీ రిటైనింగ్ గోడల లెక్కల్లో తలుచుకుంటారు. తర్వాత ఓడల దిక్సూచి మీద దృష్టి పెట్టాడు. అయస్కాంత సూదిని మొన మీద నిలబెడితే రాపిడి వస్తుంది కాబట్టి దాన్ని దారంతో వేలాడదీయాలన్నాడు. ఆ ఆలోచనకు 1777లో అకాడెమీ బహుమతిలో వాటా దక్కింది. వేలాడే సూది తిరిగినప్పుడల్లా దారం మెలిపడుతుంది. ఆ మెలి ఎంత బలంతో వెనక్కి లాగుతుందో తెలియకపోతే సూది చూపే దిక్కును నమ్మలేం. అలా మెలిపడే తీగల మీద పడ్డాడు.

1784లో తేల్చిన విషయం ఇది: లోహపు తీగను ఎంత కోణం మెలిపెడితే, అది అంతకు తగ్గ బలంతోనే వెనక్కి తిరగబోతుంది. కోణం రెట్టింపైతే బలం రెట్టింపు. తీగ మందం సగానికి తగ్గితే ఆ బలం ఏకంగా పదహారో వంతుకు పడిపోతుంది. అంటే తీగను ఎంత సన్నగా తీయగలిగితే అంత చిన్న బలాన్ని తూచవచ్చు. మామూలు త్రాసు ముల్లు కదలనైనా కదలని చోట ఈ తీగ పదుల డిగ్రీలు తిరుగుతుంది.

ఆ తీగతోనే మెలి త్రాసు కట్టాడు. దాదాపు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు స్తూపం, దాని మీద గాజు మూత. మూత నడిమి రంధ్రం మీద రెండడుగుల గాజు గొట్టం నిలబెట్టాడు. గొట్టం పై కొసన డిగ్రీలు గీసిన గుండ్రటి బిళ్ళ, దాన్ని తిప్పే మర ఉన్నాయి. ఆ మరకు కట్టిన వెండి తీగ గొట్టం గుండా స్తూపం లోపలికి దిగుతుంది. తీగ కింది కొసన అడ్డంగా ఒక పుల్ల. పుల్లకు ఒక చివర చిన్న బెండు బంతి, రెండో చివర ఊగిసలాట త్వరగా సద్దుమణిగేలా చేసే కాగితపు బిళ్ళ. మూతలోని మరో రంధ్రం గుండా అలాంటిదే ఇంకో బెండు బంతిని దించి, మొదటి బంతికి తగిలేలా కదలకుండా బిగించాడు. గాలి వీచకుండా అంతా గాజులో మూసి ఉంది. స్తూపం చుట్టూ అంటించిన కాగితం మీద 360 డిగ్రీలు గీసి ఉన్నాయి.

లక్క కడ్డీకి గుచ్చిన గుండుసూది తలకు ఆవేశం ఎక్కించి, దాన్ని లోపలికి దించి బంతులకు తాకించాడు. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు బంతులూ ఆ ఆవేశాన్ని పంచుకున్నాయి, వెంటనే ఒకదాన్నొకటి తోసుకున్నాయి. వేలాడే బంతి 36 డిగ్రీలు పక్కకు జరిగి ఆగింది. తీగ మెలీ 36 డిగ్రీలే. ఇప్పుడు పైనున్న మరను వెనక్కి, బంతులు దగ్గరయ్యే వైపు, 126 డిగ్రీలు తిప్పాడు. బంతి 18 డిగ్రీల దగ్గరికి వచ్చింది. 126, 18 కలిపితే 144. మరను మొత్తం 567 డిగ్రీలు తిప్పినప్పుడు బంతి 8.5 దగ్గర నిలిచింది. కలిపితే 575.5. ఈ మూడు కొలతలకూ పట్టింది రెండు నిమిషాలు. ఆవేశం గాలిలోకి, ఆధారాల మీదికి కారిపోతూనే ఉంటుంది కాబట్టి ఆ తొందర అవసరమే.

చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. 36లో నాలుగో వంతు 9, 8.5 కాదు. నిజంగా 8.5 దగ్గర వర్గ నియమం అచ్చంగా వర్తిస్తే మెలి 646 దాకా ఉండాలి. ఉన్నది 575.5. పది శాతం పైనే తక్కువ. కూలుమ్ ఈ అర డిగ్రీని కొలతలో దొర్లే తేడాగా తీసుకున్నాడు. ఇందులో ఇంకో కారణం కూడా పనిచేస్తుంది. బంతులు బిందువులు కావు. బాగా దగ్గరైనప్పుడు ఒక బంతిలోని ఆవేశం రెండోదాని తాకిడికి వెనక్కి, అవతలి వైపుకు జరుగుతుంది. కేంద్రాల మధ్య దూరం కంటే ఆవేశాల మధ్య దూరం ఎక్కువవుతుంది, బలం తగ్గుతుంది. అందుకే పుస్తకంలో నియమాన్ని ‘బిందు ఆవేశాలకు’ అని రాస్తారు. విద్యార్థులు చదవకుండా దాటేసే ఆ రెండు మాటలు ఈ అర డిగ్రీలో కనిపిస్తున్నాయి.

మూడు కొలతలతో ప్రకృతి నియమమా అనే అనుమానం అప్పుడూ ఉంది, తర్వాతా ఉంది. 1990లలో జర్మనీలో పీటర్ హీరింగ్ అనే చరిత్రకారుడు ఇదే త్రాసును తిరిగి కట్టి చూస్తే కూలుమ్ అంకెలు రాలేదు. ప్రయోగం చేసే మనిషి ఒంటి మీది ఆవేశం కూడా ఆ తీగను కదిలిస్తుంది. 2006లో ఆల్బర్టో మార్టినెజ్ మరింత జాగ్రత్తగా కట్టి చూస్తే కూలుమ్ ఇచ్చినలాంటి అంకెలే వచ్చాయి. ఆ అంకెలు కల్పించినవి కావని నమ్మడానికి నాకది చాలు. అయితే నమ్మదగిన అంకెలు వేరు, 2 అన్నది రుజువు కావడం వేరు.

వికర్షణ సంగతి అది. విజాతి ఆవేశాల మధ్య ఆకర్షణను ఈ త్రాసుతో కొలవడం ఇంకా కష్టం. బంతులు దగ్గరవుతున్నకొద్దీ ఆకర్షణ తీగ మెలి కంటే వేగంగా పెరుగుతుంది, ఒక దశ దాటగానే రెండూ వెళ్లి అతుక్కుపోతాయి. కూలుమ్ దారి మార్చాడు. ఆవేశం ఎక్కించిన అడుగు వ్యాసపు గోళం ముందు, విజాతి ఆవేశమున్న చిన్న సూదిని పట్టుదారంతో వేలాడదీసి ఊగనిచ్చాడు. ఆకర్షణ బలంగా ఉంటే ఊపు వేగంగా, బలహీనంగా ఉంటే నెమ్మదిగా ఉంటుంది. వర్గ నియమం నిజమైతే, ఒక ఊపుకు పట్టే కాలం గోళపు కేంద్రం నుంచి ఉన్న దూరంతో సమంగా పెరగాలి. 9 అంగుళాల దూరంలో 15 ఊపులకు 20 సెకన్లు పట్టింది, 18 అంగుళాల్లో 41, 24 అంగుళాల్లో 60. లెక్క ప్రకారం 20, 40, 54 రావాలి. ఈలోగా కారిపోయిన ఆవేశాన్ని లెక్కగట్టి ఆ 60ని 57 దాకా తెచ్చాడు. మిగిలిన తేడాను దాచకుండా పత్రంలో రాశాడు.

దూరం సంగతి ఇంత కష్టమైతే, ఆవేశం సంగతి తేలిక. ఒకేలాంటి రెండు లోహపు బంతుల్లో ఒకదానికి ఆవేశం ఇచ్చి రెండోదానికి తాకిస్తే, చెరి సగం పంచుకుంటాయి. ఇంకో ఖాళీ బంతికి తాకిస్తే పావు. ఎంత ఆవేశం ఉందో అంకెల్లో తెలియకపోయినా సగం, పావు, అరపావు చేయడం మన చేతిలో ఉంది. ఒకదాని ఆవేశం సగం చేస్తే బలం సగమవుతుంది, రెండూ సగం చేస్తే నాలుగో వంతవుతుంది. కూలుమ్ ఈ భాగాన్ని దూరమంత పట్టుదలగా పరీక్షించలేదు, దాదాపు తెలిసినదానిలాగే తీసుకున్నాడు. ఇప్పుడైతే దీనికి కారణం కూడా చెప్పగలం. ఒక వస్తువు మీద అదనంగా మూడు ఎలక్ట్రాన్లు, రెండోదాని మీద నాలుగు ఉన్నాయనుకుందాం. ఇటున్న ప్రతి ఎలక్ట్రానూ అటున్న ప్రతిదాన్నీ తోస్తుంది. పక్కన ఇంకొకటి ఉందని ఏదీ తన తోపును తగ్గించుకోదు. మొత్తం జంటలు పన్నెండు. సూత్రంలోని గుణకారం ఇదే.

ఈ గుణకారంలోనే ఇంకో విషయం ఉంది. ఒక బంతి మీద 1 వంతు, మరోదాని మీద 100 వంతుల ఆవేశం ఉంటే, పెద్దది చిన్నదాన్ని గట్టిగానూ చిన్నది పెద్దదాన్ని మెల్లగానూ తోస్తాయని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. రెండిటి మీదా పడే బలం ఒకటే, ఎందుకంటే జంటల సంఖ్య ఒకటే. తేలికైన బంతి ఎక్కువ కదులుతుంది, బరువైనది తక్కువ కదులుతుంది. కదలికలోని తేడా చూసి బలంలో తేడా ఉందనుకుంటాం.

మళ్లీ ఆ 2 దగ్గరికి వద్దాం. తీగలతో, డిగ్రీలతో కొలిచినంతకాలం ఎంత జాగ్రత్తపడినా కొన్ని శాతాల తప్పు మిగులుతుంది. స్కాట్లాండ్ వాడైన జాన్ రాబిసన్ 1769లోనే, కూలుమ్ కంటే ముందు, వికర్షణను బరువులతో తూచి 2.06 అని తేల్చాడు. అది 2 అయి ఉంటుందని ఊహించాడు. ఊహించడం తప్ప ఇంకేం చేయగలడు? దూరాన్నీ బలాన్నీ విడివిడిగా కొలిచి పోల్చే దారిలో అంతకు మించి పోవడం కష్టం. అసలు బలాన్ని కొలవనే అక్కర్లేని దారి ఒకటి ఉంది. దాని మొదటి జాడ ఒక వెండి డబ్బాలో దొరికింది.

1755లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆవేశం ఎక్కించిన వెండి డబ్బాలోకి పట్టుదారం కట్టిన బెండు బంతిని దించాడు. డబ్బా బయటి గోడ బంతిని లాగుతుంది. లోపలి గోడ మాత్రం లాగలేదు. కారణం తెలియక, ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడమని తన స్నేహితుడు జోసెఫ్ ప్రీస్ట్లీని కోరాడు. ప్రీస్ట్లీ చేసి చూసి, విద్యుత్తు చరిత్ర మీద 1767లో అచ్చువేసిన పుస్తకంలో ఒక్క వాక్యంలో సంగతి పట్టేశాడు. బోలు గోళపు పెంకు లోపల గురుత్వాకర్షణ ఏ వైపుకూ లాగదని న్యూటన్ ఎప్పుడో నిరూపించాడు. గురుత్వం దూరపు వర్గానికి విలోమంగా ఉండటమే దానికి కారణం. మరి విద్యుత్తు కూడా లోపల లాగకపోతే, అదీ అదే నియమానికి లోబడినట్లే కదా!

ఆ తర్కాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ఆవేశం సమంగా పరుచుకున్న గోళపు పెంకు ఉంది. లోపల కేంద్రానికి పక్కగా, ఒక గోడకు దగ్గరగా ఒక బిందువును తీసుకుందాం. ఆ బిందువు గుండా రెండు వైపులకూ విచ్చుకునే సన్నని శంకువును ఊహించండి. అది దగ్గరి గోడ మీద ఒక చిన్న ముక్కను, ఎదుటి గోడ మీద ఒక పెద్ద ముక్కను కోస్తుంది. ఎదుటి గోడ మూడు రెట్లు దూరంలో ఉంటే ఆ ముక్క వైశాల్యం తొమ్మిది రెట్లు, దాని మీది ఆవేశమూ తొమ్మిది రెట్లు. బలం మూడు రెట్ల దూరం వల్ల తొమ్మిదో వంతు. రెండు వైపులా తోపు సరిసమానం. ఏ దిక్కున శంకువు గీసినా ఇంతే. అందుకే లోపల ఎక్కడా బలం ఉండదు. ఘాతం 2 కాకుండా 1.9 అయితే ఈ లెక్క చెడుతుంది: దూరపు ముక్క దాదాపు 12 శాతం ఎక్కువ తోస్తుంది. 2.1 అయితే దగ్గరి ముక్క గెలుస్తుంది. సరిగ్గా 2 దగ్గర మాత్రమే సున్నా వస్తుంది. చిన్న బలాన్ని కచ్చితంగా కొలవడం మహా కష్టం. ఏమీ లేదని చూడటం అంతకంటే ఎంతో తేలిక, ఎంతో సునిశితం.

దీన్ని పరికరంగా మార్చినవాడు హెన్రీ కావెండిష్. లండన్‌లో ఉండే గొప్ప ధనవంతుడు, మనుషులతో మాట్లాడటానికి విపరీతంగా బిడియపడేవాడు. 1772-73లో ఆయన 12.1 అంగుళాల వ్యాసమున్న గోళాన్ని గాజు కడ్డీ మీద నిలబెట్టాడు. దాని చుట్టూ కొంచెం పెద్దవైన అట్టతో చేసిన రెండు అర్ధగోళాలు. వాటి మీద తగరపు రేకు. అర్ధగోళాలను తలుపుల్లా తెరిచి మూసే చట్రాలకు బిగించాడు. రెండూ మూసి, లోపలి గోళాన్ని బయటి పెంకుకు తీగతో కలిపి, ఆవేశం ఎక్కించాడు. తర్వాత పట్టుదారంతో ఆ తీగను లాగేసి, చట్రాలు తెరిచి, లోపలి గోళం దగ్గర రెండు బెండు బంతులను పట్టి చూశాడు. ఘాతం 2కు అటూ ఇటూ ఉంటే తీగ గుండా కొంత ఆవేశం లోపలి గోళం మీదికి చేరి ఉండాలి. బంతులు విడిపోలేదు. అంతటితో ఆగలేదు. తన బంతులు ఎంత తక్కువ ఆవేశాన్ని కనిపెట్టగలవో కూడా విడిగా పరీక్షించాడు. అరవయ్యో వంతు ఉన్నా తెలిసేది. దాన్నిబట్టి ఘాతం 2కు యాభయ్యో వంతు కంటే ఎక్కువ తేడాలో ఉండదని తేల్చాడు. కూలుమ్ పత్రానికి పన్నెండేళ్ల ముందే!

తేల్చి, ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితాలు ఆయన పోయిన తర్వాత కూడా దశాబ్దాల పాటు కట్టల్లోనే ఉండిపోయాయి. కేంబ్రిడ్జిలో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ తన చివరి సంవత్సరాల్లో వాటిని చదివి, సరిచూసి, 1879లో అచ్చువేశాడు. తన సొంత పరిశోధనకు వెచ్చించగలిగిన కాలాన్ని వందేళ్ల కిందటి ఒక మనిషి నోటుబుక్కులకు ఇచ్చాడు. అదే ప్రయోగాన్ని మెరుగైన పరికరంతో మళ్లీ చేయించి తప్పు అవకాశాన్ని 21,600లో ఒక వంతుకు తగ్గించాడు. 1936లో అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్‌లో ప్లింప్టన్, లాటన్ దాన్ని 100 కోట్లలో 2 వంతులకు తెచ్చారు. 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ ఒకదాని లోపల ఒకటిగా అయిదు లోహపు పెంకులు అమర్చి, బయటి వాటి మీద అధిక వోల్టేజీని సెకనుకు 40 లక్షల సార్లు అటూ ఇటూ మార్చి, లోపల ఏ కదలికైనా తెలుస్తుందేమోనని చూశారు. తెలియలేదు. 2 నుంచి తేడా ఏదైనా ఉంటే అది దశాంశ బిందువు తర్వాత పదిహేను సున్నాలు దాటాకే ఉండాలి. వాళ్ల పరికరం ఎంత ఆధునికమైనా దాని ప్రాణం కావెండిష్ అట్ట గోళాలదే.

ఈ బలం ఎంత పెద్దదో ఇప్పుడు చూద్దాం. ఆవేశాన్ని కొలిచే ప్రమాణానికి కూలుమ్ పేరే పెట్టారు. ఒక్కొక్క కూలుమ్ ఆవేశమున్న రెండు బిందువులు మీటరు దూరంలో ఉంటే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు, అంటే సుమారు 9 లక్షల టన్నుల బరువు. వాటిని కిలోమీటరు దూరం జరిపినా 900 కిలోల బరువుకు సమానమైన బలం మిగులుతుంది. ఆచరణలో ఒక కూలుమ్ ఆవేశాన్ని చిన్న వస్తువు మీద నిలపడం అసాధ్యం. నాలుగు సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు బంతుల మీద చెరో కోటో వంతు కూలుమ్ ఉంచవచ్చు. కేంద్రాల మధ్య 10 సెంటీమీటర్ల ఎడం ఉంటే అవి దాదాపు ఒక గ్రాము బరువంత బలంతో తోసుకుంటాయి. 20 సెంటీమీటర్లకు జరిపితే పావు గ్రాము కంటే తక్కువ. మనకు ఇళ్లలో తారసపడే స్థిర విద్యుత్తు ఈ స్థాయిదే.

ఇంత చిన్నగా కనిపించడానికి కారణం బలం చిన్నది కావడం కాదు, రెండు గుర్తుల ఆవేశాలు అద్భుతంగా సరితూగి ఉండటం. నాలుగు గ్రాముల లోపు బరువుండే స్టీలు రూపాయి బిళ్ళలో దాదాపు 1 పక్కన 24 సున్నాలన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయి. సరిగ్గా అన్నే ప్రోటాన్లూ ఉంటాయి. రెండు బిళ్ళల నుంచీ ప్రతి 100 కోట్ల ఎలక్ట్రాన్లలో ఒక్కటి చొప్పున తీసేయగలిగామనుకోండి. మీటరు దూరంలో అవి ఒకదాన్నొకటి 26 కిలోల బియ్యం బస్తా బరువంత బలంతో తోసుకుంటాయి. నిజానికి ఆ ఆవేశం బిళ్ళ మీద క్షణమైనా నిలవదు. విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు 30 వేల వోల్టులు దాటితే గాలి తెగి మెరుపు రవ్వ పుడుతుంది, ఆవేశం జారిపోతుంది.

గురుత్వంతో పోలిస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మధ్య విద్యుదాకర్షణ వాటి గురుత్వాకర్షణకు 2 పక్కన 39 సున్నాలు పెడితే వచ్చేన్ని రెట్లు. రెండు బలాలూ దూరపు వర్గంతోనే తగ్గుతాయి కాబట్టి వాటిని ఎంత దూరం జరిపినా ఈ నిష్పత్తి మారదు. అయినా గ్రహాలను నడిపేది గురుత్వమే. ద్రవ్యరాశికి రుణ గుర్తు లేదు, అది కూడుతూ పోతుంది. ఆవేశం రద్దవుతూ పోతుంది.

పిల్లలందరూ చేసే దువ్వెన, కాగితపు ముక్కల ప్రయోగాన్ని కూలుమ్ నియమానికి ఉదాహరణగా చూపిస్తుంటారు. చూపించవచ్చు, కానీ అందులో వర్గ నియమం నేరుగా కనిపించదు. కాగితం ముక్కకు ఆవేశం లేదు. మరి ఎందుకు లేస్తుంది? దువ్వెన మీది రుణావేశం కాగితంలోని ఎలక్ట్రాన్లను రవ్వంత అవతలికి నెడుతుంది. దువ్వెన వైపున్న అంచు కొంచెం ధనం, అవతలి అంచు అంతే రుణం అవుతుంది. రెండూ సమానమే, కాబట్టి దూరంతో బలం మారకపోతే ఆకర్షణ, వికర్షణ సరిపోయి కాగితం కదిలేదే కాదు. దగ్గరి అంచు వెంట్రుకవాసి దగ్గర కావడం వల్లే ఆకర్షణ గెలుస్తుంది. మిగిలేది రెండు పెద్ద బలాల మధ్యనున్న చిన్న తేడా. ఆవేశం బిందువులా ఉండి కాగితం ముక్క మరీ చిన్నదైతే ఈ తేడా దూరపు అయిదో ఘాతంతో తగ్గుతుంది: దూరం రెట్టింపైతే నాలుగో వంతు కాదు, 32వ వంతు! ఆవేశం రెట్టింపైతే రెండింతలు కాదు, నాలుగింతలు. ఎందుకంటే కాగితంలో ఎడబాటు తెచ్చేదీ ఆ ఆవేశమే, దాన్ని లాగేదీ ఆ ఆవేశమే. దువ్వెన పొడవైనది కాబట్టి ఇంట్లో అచ్చం ఇవే అంకెలు రావు. అయినా దువ్వెనను మెల్లగా దించుతూ చూస్తే, చాలాసేపు కదలని ముక్క ఒక ఎత్తు దాటగానే చటుక్కున ఎగిరి అతుక్కోవడం కనిపిస్తుంది. కాసేపటికి కొన్ని ముక్కలు విసిరికొట్టినట్లు దూకేస్తాయి. అప్పటికి దువ్వెన ఆవేశంలో కొంత వాటికీ అంటింది. ఆ దూకడం మాత్రం సజాతి ఆవేశాల వికర్షణే.

కాకినాడలోనో మచిలీపట్నంలోనో వానాకాలంలో ఈ ప్రయోగం చేస్తే తరచు విఫలమవుతుంది. చెమ్మ దువ్వెన మీద కంటికి కనిపించని పొరగా పేరుకుని ఆవేశాన్ని దారి పట్టిస్తుంది. మన ఊళ్లలో ఎప్పుడూ షాక్ కొట్టని తలుపు గొళ్లాలు, చలికాలంలో హీటర్లతో గాలి ఎండిపోయే అమెరికా ఇళ్లలో మనవాళ్లకు చురుక్కుమనిపించడానికీ కారణం ఇదే. కార్పెట్ మీద నడిచిన మనిషి ఒంటి మీద అయిదు వేల వోల్టులు చేరడం అక్కడ మామూలు. అయినా ఆవేశం లెక్కన అది కూలుమ్‌లో 20 లక్షల్లో ఒక వంతు.

నీటికి ఈ బలంతో ఉన్న సంబంధం చెమ్మతో తీరదు. ఉప్పు పలుకులో సోడియం అయాన్, క్లోరిన్ అయాన్ మీటరులో 100 కోట్లో వంతుకు కూడా నాలుగో భాగం పైచిలుకు దూరంలో ఉంటాయి. ఒక జంటను విడదీయడానికి కావలసిన శక్తి, గది వేడిమిలో అణువులకు ఉండే కదలిక శక్తికి దాదాపు 200 రెట్లు. అందుకే ఉప్పు డబ్బాలో పలుకు పలుకుగానే ఉంటుంది. అదే నీళ్లలో వేస్తే, ఒక కొస ధనంగా ఇంకో కొస రుణంగా ఉండే నీటి అణువులు అయాన్ల చుట్టూ మూగి, వాటి మధ్య బలాన్ని సుమారు 80 రెట్లు తగ్గిస్తాయి. 200ను 80తో భాగిస్తే రెండున్నర. అంత దగ్గరలో ఈ 80 ఉజ్జాయింపే అయినా, మామూలు వేడి కదలికకే ఉప్పు ఎందుకు కరిగిపోతుందో దీనితో అర్థమవుతుంది. కిరోసిన్‌లో ఆ తగ్గింపు రెండు రెట్లే. అందులో ఉప్పు వేసి చూడండి, అడుగున అలాగే కూర్చుంటుంది.

మరి ఆ 2 ఎంత దూరం దాకా, ఎంత దగ్గర దాకా నిలుస్తుంది? విద్యుత్ బలాన్నీ అయస్కాంత బలాన్నీ మోసేది ఫోటానే. ఫోటాన్‌కు రవ్వంత ద్రవ్యరాశి ఉన్నా, పెద్ద దూరాల్లో బలం వర్గ నియమం కంటే వేగంగా పడిపోవాలి. 1973 డిసెంబరులో పయనీర్ 10 గురుగ్రహం పక్క నుంచి పోతూ ఆ గ్రహపు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచింది. ఆ కొలతల నుంచి డేవిస్, గోల్డ్‌హాబర్, నీటో 1975లో లెక్క తీశారు: ఫోటాన్ ద్రవ్యరాశి ఏదైనా ఉంటే, గ్రాముల్లో అది దశాంశ బిందువు తర్వాత 48 సున్నాలు పెట్టి ఆపైన 8 రాస్తే వచ్చే అంకెను మించదు. దాన్ని దూరంలోకి మారిస్తే, కనీసం నాలుగు లక్షల కిలోమీటర్ల స్థాయి దాకా నియమం చెక్కుచెదరదని అర్థం.

రెండో కొసన, 1913లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ బంగారు రేకు మీద ఆల్ఫా కణాలను ప్రయోగించి, ఏ కోణంలో ఎన్ని చెదిరాయో ఒక్కొక్క మెరుపునూ కంటితో చూసి లెక్కపెట్టారు. కూలుమ్ నియమం ప్రకారం రూథర్‌ఫర్డ్ వేసిన లెక్కతో అవి సరిపోయాయి. ఆ కణాలు బంగారపు కేంద్రకానికి ఎంత దగ్గరగా వెళ్లాయంటే, ఉప్పులోని అయాన్ల ఎడంలో దాదాపు పదివేలో వంతు.

ఇంకా లోపలికి పోతే కొత్త సంగతి కనబడింది. ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న శూన్యం ఉత్త ఖాళీ కాదు. క్షణమాత్రం పుట్టి మాయమయ్యే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలు దాని ఆవేశాన్ని కొంత కప్పివేస్తాయి. దూరం నుంచి మనం కొలిచేది ఆ కప్పు దాటి వచ్చిన ఆవేశాన్నే. దగ్గరికి పోయేకొద్దీ కప్పు పలచబడుతుంది. బలపు తీవ్రతను చెప్పే అంకె మామూలు దూరాల్లో 137లో ఒక వంతు. జెనీవా దగ్గరి సెర్న్‌లో లెప్ యంత్రం ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించిన శక్తుల వద్ద, అంటే కేంద్రకం కంటే వందల రెట్లు చిన్న దూరాల్లో, అది దాదాపు 128లో ఒక వంతు అయింది. ఏడు శాతం ఎక్కువ. సూత్రంలో విడివిడి అక్షరాలుగా రాసుకునే ఆవేశం, దూరం అక్కడ పూర్తిగా విడివిడిగా లేవు: ఎంత ఆవేశం కనిపిస్తుందన్నది ఎంత దూరం నుంచి చూస్తున్నామన్న దాన్నిబట్టి మారుతోంది.